రక్తపిశాచమునకు శరీరధర్మము

కల్పితకథలయందు అసంభవములుండుట దోషము కాదు. ఒక యసంభవము నంగీకరించిన పిమ్మట దాని ఫలితములను మరచుటయే దోషము. ఈ సూత్రమును విద్యార్థుల కొక యుదాహరణముతో బోధింపగోరుచున్నాము. ఐర్లండు దేశీయుడగు బ్రామ్ స్టోకరు 1897వ సంవత్సరమున ప్రకటించిన ‘డ్రాక్యులా’ యను నవలలో, చచ్చియు చావక మనుష్యుల రక్తము త్రాగి జీవించు ప్రభువు డొకడు గలడు. అట్టి ప్రాణి నిజముగా నుండినచో దాని దేహ మెట్లు పనిచేయవలెను?

మొదట ఆహారమును విచారింతము. రక్తములో నైదింట నాలుగుపాళ్లు నీరే. లీటరు రక్తమున మాంసకృత్తులు సుమారు 200 గ్రాములు. కొవ్వును చక్కెరయు మిక్కిలి స్వల్పము. గ్రామునకు 4 క్యాలరీల చొప్పున లీటరువలన 800 క్యాలరీలు లభించును. మనవంటి వెచ్చని దేహమునకు దినమునకు 2,000 క్యాలరీలైనను వలయును గనుక, ఆ ప్రభువు దినమునకు రెండున్నర లీటర్లు త్రాగవలెను. పెద్దమనుష్యుని దేహమందలి రక్తము సుమారు 5 లీటర్లు మాత్రమే. ఈ లెక్కను ఏడాదికి 180 మందికి పైగా బలియగుదురు. చుట్టుపట్ల గ్రామములు పాడుపడును. కథ ముందుకు సాగదు.

దీనికి పరిహార మేమి? బల్లులు, పాములు మొదలగునవి తమ దేహమును తామే వెచ్చగా నుంచుకొనవు. అందుచేత వానికి స్వల్పాహారమే చాలును. నవలలో డ్రాక్యులా చేయి మంచువలె చల్లనిదనియు, పగలు మట్టినింపిన పెట్టెలో నిశ్చలముగా పరుండుననియు వర్ణింపబడినది. రచయిత మనవలె లెక్క వేసెనని మేము చెప్పము. గాని యాతని వర్ణనము లెక్కకు సరిపోవుచున్నది.

ఇక ప్రకృతిని చూతము. రక్తముమీదనే జీవించు గబ్బిలములు మూడు జాతులు. అవి అమెరికా ఖండములయందే యున్నవి. మన దేశమున లేవు. వానిలో ముఖ్యమైన జాతి బరువు 30 లేక 40 గ్రాములు. అది ఒక రాత్రి తన బరువులో సగమునకు తక్కువ గాకుండ త్రాగును. ఆ భారముతో ఎగురుట కష్టము గనుక, త్రాగుచుండగనే మూత్రపిండములు నీటిని వేరుచేసి వెలికి పంపును. దాని లాలాజలము రక్తమును గడ్డకట్టనీయదు. ముక్కుమీది గుంటలతో అది పశువు చర్మపు వేడిని కనిపెట్టును. ఆ ముక్కు ముఖమునందలి తక్కిన భాగములకంటె చల్లగా నుండును; ఏలయన, తానే వేడియైన యవయవము పరుల వేడిని చక్కగా గుర్తింపజాలదు. కావున చల్లని దేహమువలన డ్రాక్యులాకు ఆకలి తగ్గుటయే గాక స్పర్శజ్ఞానము కూడ వృద్ధియగునని కథకుడు వ్రాయవచ్చును.

అద్దములో నాతని నీడ కనబడదనుట మాత్రము వేరు సంగతి. దేహముపై పడిన వెలుతురు మన కంటికి వచ్చినపుడే దేహము మనకు కనబడును. ఆ వెలుతురే అద్దమునకును పోవును. కంటికి కనబడి అద్దమున కనబడకుండుటకు శాస్త్రము దారి చూపదు. దీనిని మాయగానే విడువవలెను. ఏది హేతువో, ఏది మాయయో ఎరిగి వ్రాయువాడే నేర్పరి.

ఆ గబ్బిలము రెండుమూడు రాత్రులు ఆహారము లేకున్న చచ్చును. అట్టి దానికి, కడుపునిండిన తోడి గబ్బిలము తాను త్రాగినదానిని కక్కి నోటికందించును. భయంకరమని మనము తలచు ప్రాణియందు ఇట్టి యుపకారబుద్ధి గలదు. మన మఱ్ఱిచెట్లకు వ్రేలాడు గబ్బిలములు పండ్లు తిని విత్తనములు వెదజల్లునవి. కథలోని భయమును కథయందే యుంచి, బాలు రీ ప్రాణులపై రాళ్లు రువ్వకుందురుగాక.

అభ్యాసము

1. మన లెక్కలో దేహము చల్లనిదై పదియవవంతు ఆహారమే చాలినచో, 5 లీటర్ల రక్త మెన్ని దినములు వచ్చును?

2. నవలలో డ్రాక్యులా పగలు సంచరింపగలడు. 1922 నాటి జర్మను చలనచిత్రము ‘నోస్ఫెరాటు’లో సూర్యకాంతియే పిశాచమును నశింపజేయును. బల్లి ఎండ కాగుటను తలచుకొని, చల్లని దేహమునకు ఎండ హితమో యహితమో హేతువుతో వ్రాయుడు.