అంటువ్యాధి – ప్రభుత్వాధికారము – ప్రజారక్షణ

హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పాతతరమువారు నేటికిని ‘కోరంటి దవాఖానా’ అనియే పిలుచుచుందురు. క్వారంటైన్ అను ఆంగ్లపదము మన జనుల నోట నలిగి కోరంటి అయినది. రోగిని వేరుగా ఉంచుట ప్రభుత్వమునకు అంత కష్టము కాదు. అట్లు ఉంచబడినవానికి అన్నము, మందు, మర్యాద ఎవరు సమకూర్తురు అనునదే అసలు ప్రశ్న. పౌరశాస్త్రము చదువు విద్యార్థులు తప్పక పరిశీలింపదగినది ఇది.

1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 4న ఆంగ్లప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసినది. ఆ చట్టము మిక్కిలి చిన్నది, నాలుగే సెక్షన్లు. మొదటిది పేరు, పరిధి. రెండవది అవసరమని తోచిన ఏ నిబంధననైనను చేయుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చును. మూడవది ఆజ్ఞ మీరినవారికి శిక్ష విధించును. నాలుగవది సద్భావముతో పనిచేసిన అధికారులను వ్యాజ్యములనుండి కాపాడును. ప్రభుత్వము ప్రజలకు ఏమి ఇవ్వవలెనో చెప్పు వాక్యము ఒక్కటియు అందు లేదు.

దాని ఫలితము పూనాలో కనిపించినది. ప్లేగు అధికారి రాండ్ ఆధ్వర్యమున సైనికులు ఇండ్లలో ప్రవేశించి సోదాలు చేసిరి. స్త్రీలుండు గదులను సైతము విడువలేదు. జనులు భయపడి రోగులను దాచిపెట్టసాగిరి. దాచిన రోగివలన వ్యాధి ఇంటిల్లిపాదికి సోకుననుట వేరుగా చెప్పనక్కరలేదు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపిరి. కొలది దినములకు అతడు మరణించెను. తిలక్ మహాశయుడు తన పత్రికలోని వ్రాతలకు రాజద్రోహనేరముపై 18 మాసముల శిక్ష పొందెను. చిత్రమేమనగా, ఆ ఏడాది జనవరిలోనే హాఫ్‌కిన్ బొంబాయిలో తాను తయారుచేసిన ప్లేగు టీకాను తొలుత తన శరీరముపైననే పరీక్షించుకొనెను. ఆగస్టులో మన సికింద్రాబాదుననే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను.

నూట ఇరువది మూడేండ్ల తరువాత అదే చట్టము మరల మన ముంగిటికి వచ్చినది. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ రోగి బయటపడెను. అదే మాసమున ఈ చట్టము క్రింద రాష్ట్రప్రభుత్వము నిబంధనలు వెలువరించి, రాకపోకలు నిలిపివేసినది. అయితే ఈసారి ఆజ్ఞతోపాటు బియ్యము కూడ వచ్చినది. తెల్లకార్డు కుటుంబములలో మనిషికి 12 కిలోల బియ్యము ఉచితముగా, కుటుంబమునకు 1,500 రూపాయలు. కార్డు లేని వలసకూలీకి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటింపబడినవి. ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు ఇంటింటికి తిరిగి జ్వరపీడితుల వివరములు సేకరించిరి. పేద కుటుంబములకు 1,000 రూపాయలు అందినవి.

కొందరు దీనిని దానమందురు. నా అభిప్రాయమున ఇది వైద్యములో భాగమే. దినకూలితో బ్రతుకువానిని ఇల్లు కదలవద్దనినచో, ఆ దినపు గంజి ఎవరో పోయవలెను. లేనిచో వాడు ఆజ్ఞ మీరి బయటికి వచ్చి తీరును. పోలీసు లాఠీ చేయలేని పనిని రేషన్ దుకాణము చేయగలుగుట ఇందువలననే.

లోపములు లేకపోలేదు. పరీక్షలు చాలినన్ని చేయుటలేదని హైకోర్టు ప్రభుత్వమును పలుమార్లు నిలదీసినది. సంగారెడ్డి సమీపమున కంది వద్ద నిర్మాణపు పనిలోనుండిన పరరాష్ట్రపు కూలీలు బకాయి కూలికై, సొంతూరి ప్రయాణమునకై ఏప్రిల్ 29న ఆందోళనకు దిగిరి. మే 1న దేశములోనే తొలి శ్రామిక రైలు సుమారు 1,200 మందితో లింగంపల్లినుండి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరెను. బియ్యము ఇచ్చినను మనిషికి తన ఊరు కావలసియుండెనని దీనివలన తెలియుచున్నది.

ఆ సంవత్సరమే పార్లమెంటు 1897 చట్టమును సవరించినది. వైద్యసిబ్బందిని తీవ్రముగా గాయపరచినవారికి ఏడేండ్లవరకు శిక్ష విధింపవచ్చునని చేర్చినది. అది మంచిదే. ఇంట నిర్బంధింపబడినవాని అన్నమును గూర్చి మాత్రము అందును ఒక్క అక్షరము చేరలేదు. ఆనాటి 12 కిలోల బియ్యము ప్రభుత్వపు ఉత్తర్వువలన వచ్చినదేగాని, ఆ చట్టమిచ్చిన హక్కువలన వచ్చినది కాదు.