స్వాతంత్ర్యం అంటే ఎన్ని అక్షరాలు?

ఛందస్సు తెలిసినవాళ్ళని అడగండి, మూడు అంటారు. స్వా, తం, త్ర్యం. మూడూ గురువులే, మ గణం. అదే మాట డ్రూపల్‌కి ఇస్తే 12 అని లెక్కపెడుతుంది. ఈ రెండు లెక్కలకీ తేడా తెలియకుండా సైట్‌లో ఫీల్డ్ సెట్టింగ్స్ పెడితే నష్టపోయేది రాసేవాళ్ళే. మన క్లబ్ సైట్ పని నేను చూస్తున్నాను కాబట్టి, నా తర్వాత అందుకునే జూనియర్స్ కోసం ఈ పాఠం.

ముందు ఆ 12 సంగతి చూద్దాం. యూనికోడ్‌లో హల్లుకి ఒక కోడ్, గుణింతం గుర్తుకి ఒకటి, పొల్లుకి ఒకటి, సున్నకి ఒకటి. ఒత్తులకి విడిగా కోడ్ లేదు. పొల్లు పెట్టి పక్కన ఇంకో హల్లు రాస్తే అదే ఒత్తుగా కనిపిస్తుంది. స్వా అంటే స, పొల్లు, వ, దీర్ఘం: 4. తం: 2. త్ర్యం అంటే త, పొల్లు, ర, పొల్లు, య, సున్న: 6. మొత్తం 12. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, అంటే 36 బైట్లు.

ఇప్పుడు సెట్టింగ్స్‌కి వద్దాం.

1. గరిష్ఠ పొడవు. డ్రూపల్‌లో "టెక్స్ట్ ప్లెయిన్" రకం ఫీల్డ్‌కి ఇది మామూలుగా 255 ఉంటుంది. ఈ లెక్క బైట్లలో కాదు, కోడ్‌లలో. ఉపశీర్షిక కోసం ఒక ఫీల్డ్ చేసి, "20 అక్షరాలు చాలులే" అని 20 పెట్టారనుకోండి. "స్త్రీ స్వాతంత్ర్యం" అనే నాలుగక్షరాల ఉపశీర్షికకే, మధ్యలో ఖాళీతో కలిపి, 19 అయిపోతాయి. అంతకంటే పొడవైనది పేస్ట్ చేస్తే బ్రౌజర్ మిగతాది నిశ్శబ్దంగా వదిలేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అది త్ర్యం మధ్యలో తెగితే "స్వాతంత్ర్" మిగులుతుంది. అందుకని 255ని కదపకండి. ఒక్క ఎంట్రీ పడ్డాక అడ్మిన్ పేజీలో ఈ అంకెని మార్చనివ్వదు కూడా.

2. ఫీల్డ్ రకం. ఒకసారి ఎంచుకున్నాక దీన్నీ మార్చడానికి ఉండదు. కవి పేరుకి "టెక్స్ట్ ప్లెయిన్" చాలు. పద్యాలకీ వచన కవితలకీ నేను చెప్పేది "టెక్స్ట్ ప్లెయిన్ లాంగ్". దీనికి పొడవు పరిమితి లేదు. ఎంటర్ కొట్టిన చోటల్లా పాదం విరుగుతుంది, వర్డ్ నుంచి వచ్చే ఫాంట్ చెత్త అంటదు. కథలకీ వ్యాసాలకీ బోల్డ్, లింకులు కావాలి కాబట్టి "ఫార్మాటెడ్ లాంగ్ విత్ సమ్మరీ" తీసుకోండి.

3. హోమ్ పేజీలో కత్తిరింపు. ఫార్మాటెడ్ ఫీల్డ్‌కి "ట్రిమ్డ్" పెడితే మామూలుగా 600 దగ్గర ఆపుతుంది. ఈ 600 కూడా కోడ్‌లే, మన అక్షరాల్లో చూస్తే బాగా తక్కువ. "సమ్మరీ ఆర్ ట్రిమ్డ్" ఎంచుకుని, రచయిత చేతే రెండు వాక్యాల సమ్మరీ రాయించండి. కథలో ఏది ముందు చూపించాలో, ఏది దాచాలో మెషీన్‌కేం తెలుసు?

4. తప్పనిసరి. శీర్షిక ఎలాగూ తప్పనిసరే. కలం పేరుకి మాత్రం ఆ టిక్ పెట్టొద్దు. కలం పేరు లేనివాళ్ళు ఫారం దాటడానికి ఏదో ఒకటి కొట్టేస్తారు, అదే అచ్చవుతుంది.

5. ఎన్ని విలువలు. రచయిత ఫీల్డ్‌కి ఒక్కటే అని కాకుండా "అన్‌లిమిటెడ్" ఇవ్వండి. జంట కవులున్న భాష మనది. తిరుపతి వేంకట కవుల్ని ఒకే పేటికలో ఇరికిస్తే, రేపు చెళ్ళపిళ్ళ వారి పేరుతో వెతికినవాళ్ళకి దొరకరు.

6. సహాయ వాక్యం. ఫీల్డ్ కింద కనిపించే చిన్న మాట ఇది. తెలుగులోనే రాయండి: "పాదం అయిపోగానే ఎంటర్ కొట్టండి" లాంటిది. దీన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

అన్నీ పెట్టాక, సైట్ తెరవకముందే మూడు పరీక్షలు చేయండి. ఒత్తులు దండిగా ఉన్న శీర్షిక ఒకటి పేస్ట్ చేయండి. పాదాలు విరిచిన ఒక సీసపద్యం పెట్టి సేవ్ కొట్టండి. కలం పేరు ఖాళీగా వదిలి చూడండి. "టెస్ట్" అని ఇంగ్లీషులో కొట్టి చూస్తే ఇవేవీ బయటపడవు. మూడూ సరిగ్గా వచ్చాకే రచనలకి పిలుపు ఇవ్వండి. మొదటి రచన చేరిన తర్వాత పైన చెప్పిన కొన్ని తలుపులు మూసుకుపోతాయి.