బెంజ్ సర్కిల్ నుంచి సాగర సంగమం వరకు

బెంజ్ సర్కిల్‌లో బస్సు కోసం నిలబడని హాస్టల్ విద్యార్థి మనలో ఎవరూ ఉండరు. చెన్నై–కలకత్తా రహదారి, బందరు రోడ్డు కలిసే చోటు అది. బందరు రోడ్డు పట్టుకుని సుమారు 70 కిలోమీటర్లు వెళితే సముద్రమే. మన అమ్మానాన్నలు ఈ దారిలో నాట్లకు, కోతలకు వెళ్ళారు గాని చూడటానికి వెళ్ళలేదు. మనం చూడటానికే వెళ్ళాలి. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

సముద్రతీరం అనగానే కొండలు, బండలు గుర్తుకొస్తాయి. ఐర్లాండ్ పశ్చిమ తీరంలో మోహెర్ కొండచరియలు 200 మీటర్లకు పైగా నిట్టనిలువుగా ఉంటాయట. మన తీరంలో గుట్ట కూడా కనపడదు. ఇది కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. రాతి తీరంలో పాత కట్టడం పాడుబడినా ఆనవాలు మిగులుతుంది. ఒండ్రు నేలలో రేవు పూడిపోతుంది, నది దారి మార్చుకుంటుంది. అందుకే ఇక్కడ చరిత్రను కొంచెం వెతుక్కోవాలి.

పామర్రు దగ్గర కుడివైపు తిరిగితే కూచిపూడి, చల్లపల్లి దారి. ఘంటసాల ఆ వైపే. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలమీ 'కంటకోస్సిల' అని రాసిన రేవు ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు చుట్టూ వరిచేలు. ఊళ్ళో బౌద్ధ స్తూపం మిగిలి ఉంది. బోధిసిరి అనే ఉపాసిక ఇక్కడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించినట్లు నాగార్జునకొండ శాసనంలో ఉంది. ఒక స్త్రీ చేసిన దానం పదిహేడు వందల ఏళ్ళ తరువాత కూడా చదువుకోగలుగుతున్నాం! పరీక్షల కోసం శాతవాహనులు, ఇక్ష్వాకులు అని బట్టీ పట్టేవారు ఒక్కసారి ఆ స్తూపం చుట్టూ తిరిగి వస్తే ఆ పాఠం మరిచిపోరు.

ఇక బందరు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. ఫ్రెంచివారు 1750లో పట్టణాన్ని పొందితే, 1759లో ఇంగ్లీషువారు యుద్ధం చేసి లాక్కున్నారు. వీళ్ళందరి గుర్తులు పేటల పేర్లలోనే ఉన్నాయి: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వలందా అంటే హాలెండు, పరాసులంటే ఫ్రెంచివారు. సిటీ బస్సులో కండక్టర్ పిలిచే పేర్లే చరిత్ర పాఠం.

వాళ్ళంతా వచ్చింది మన గుడ్డ కోసం. బందరు అద్దకం గుడ్డలు ఆగ్నేయాసియాకు తీసుకుపోయి మసాలా దినుసులకు మార్చుకునేవారు. ఆ కలంకారీ పని పెడనలో నేటికీ సాగుతోంది. కరక్కాయ కషాయంలో తడిపిన గుడ్డ మీద, ఇనుము–బెల్లం కలిపి ఊరబెట్టిన నల్లరంగును చెక్క అచ్చులతో అద్దుతారు. ఎర్ర రంగుకు పటిక కావాలి. కెమిస్ట్రీ చదివేవారు తప్పక చూడవలసిన పని ఇది. పనివారిని మర్యాదగా అడిగితే చెబుతారు. పని ఆపించి ఫొటోలు మాత్రం అడగకండి, వాళ్ళకు కూలి పోతుంది.

బందరులో డచ్చివారి సమాధులు, బందరు కోట శిథిలాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. సమాధి రాళ్ళ మీద పేర్లు, వంశ చిహ్నాలు అందంగా చెక్కారు. అదే పట్టణంలో 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది చనిపోయారు. వాళ్ళలో మన తాతముత్తాతల వంటి కూలీలు, జాలరులు ఎందరో. వాళ్ళ పేర్లకు రాయి లేదు. సమాధుల దగ్గర నిలబడినప్పుడు మాకు ఎక్కువసేపు ఆలోచన అక్కడే ఆగింది.

మంగినపూడి బీచ్ బందరుకు దగ్గరే. ఇసుకకు బదులు నల్లటి బంకమట్టి తగులుతుంది. తెల్ల బట్టలతో వెళ్ళవద్దు. ఆ పక్కనే 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి.

అందరూ తప్పక చూడవలసింది హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప వైపు వెళితే కృష్ణ సముద్రంలో కలిసే చోటు. మాఘ పౌర్ణమికి జనం వేలల్లో వస్తారు. చుట్టుపక్కల మడ అడవుల్లో బావురు పిల్లులు ఉన్నాయి. ఆ చెట్ల వేళ్ళు అలల జోరును తగ్గిస్తాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో, ప్రభుత్వ లెక్క ప్రకారమే, సుమారు 10,000 మంది పోయారు. దివి నుంచి వచ్చిన మన హాస్టల్ పిల్లల ఇళ్ళలో ఆ రాత్రి గురించి చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. సెలవులకు వెళ్ళినప్పుడు అడిగి, ఊరు పేరు, పోయినవారి పేర్లు నోట్‌బుక్‌లో రాసుకురండి. వచ్చే సంచికలో వేద్దాం.

ఒక మాట. సంగమం దగ్గర నది, సముద్రం రెండు వైపులా లాగుతాయి. ఈత వచ్చినవారు కూడా లోపలికి దిగవద్దు. వార్డెన్ గారికి చెప్పి, పది మందికి తక్కువ కాకుండా, తెల్లవారుజామున బయలుదేరండి. మంచినీళ్ళు, పులిహోర వెంట ఉంచుకోండి. తిరుగు బస్సు వేళ అవనిగడ్డలోనే కనుక్కుని ముందుకు వెళ్ళండి.