కయ్యలో తెల్లకొంగ ఉంటే గుళికలు జాగ్రత్త

ఈశాన్య వానలకు చెరువుల్లో నీళ్లు చేరగానే రేణిగుంట చుట్టుపక్కల కయ్యల్లో దమ్ము మొదలవుతుంది. ట్రాక్టరు వెంట పరుగెత్తే పొట్టి కొక్కెరల సంగతి అలా ఉంచండి. వాటికి ఎడంగా, నీళ్లలో కదలకుండా ఒంటరిగా నిలబడేది పెద్ద తెల్లకొంగ. పొడవాటి మెడలో మెలిక, నల్లటి కాళ్లు, పసుపు ముక్కు. గుడ్లు పెట్టే కాలానికి ఆ ముక్కు నల్లబడుతుంది. పాదాలు మాత్రమే పసుపుగా ఉంటే అది చిన్న తెల్లకొంగ.

దీనికి మన గింజ అక్కర్లేదు. చేపలు, కప్పలు, పురుగులు, దొరికితే చిట్టెలుక. కప్పల్నీ మింగుతుంది కాబట్టి రైతు నేస్తమని మరీ పొగడను. పురుగుల్ని తినే కప్పా మనదే కదా. నాటిన వరికి మాత్రం దీనివల్ల నష్టం లేదు. తోలాల్సింది రెండు చోట్లే. మొలక చల్లిన నారుమడిని తొక్కుతుంది, అక్కడ మెరుపు రిబ్బన్లు కట్టండి. చేపపిల్లలు వదిలిన కుంటపై వల బిగుతుగా లాగి కట్టండి, వదులైతే పక్షి చిక్కుకొని చస్తుంది.

అసలు భయం గుళికలతోనే. కార్బోఫ్యూరాన్ ఒక్క గుళిక చాలు, చిన్న పిట్ట ప్రాణం పోతుంది. విషం తగిలిన చేపల్ని, పురుగుల్ని తింటే కొంగకూ ముప్పే. ఫోరేట్ అమ్మకం, వాడకం 2020 చివరితోనే నిషేధమయ్యాయి. మూలన పాత పొట్లం ఉన్నా కయ్యలోకి తేవద్దు. కాండం తొలుచు పురుగుకు ముందు చేతిపని చేయండి: నాటేముందు నారు కొనలు తుంచితే గుడ్లు చాలావరకు పోతాయి. చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం కనిపిస్తేనే మందు మాట ఎత్తండి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది వ్యవసాయ అధికారిని అడగండి. గుళికలు చల్లాల్సే వస్తే నీళ్లు పలుచగా నిలిపి మడవ మూసేయండి. గెనిమకు ఎండ్రకాయ బొక్కలుంటే ముందే పూడ్చాలి, లేదంటే ఆ నీళ్లు కాలువ దారిన చెరువులోకి పోతాయి.

మన జిల్లాలోనే నేలపట్టు ఉంది. 1976లో పక్షుల అభయారణ్యమైంది. అక్కడ చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలానికి ఎరువన్న సంగతి ఆయకట్టు రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన చెరువుల్లోనూ తుమ్మచెట్లపై గూళ్లుంటే, కొమ్మలు కొట్టే పని పిల్లలు ఎగిరిపోయేదాకా ఆపండి. కొంగల్ని కొట్టినా, గుడ్లు తీసినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చచ్చిన కొంగలు కనిపిస్తే ముట్టకుండా, కుక్కల్ని దగ్గరికి రానీయకుండా అటవీశాఖకు చెప్పండి.