నువ్వుపైరు: విత్తెడి అదనును, ఆకులపై చల్లెడి సేంద్రియ ద్రవములును

కోనసీమలో నూనెపంట యనగానే కొబ్బరియే స్ఫురించును. కాని లంకభూములందును, సార్వా కోసిన పిదప దాళ్వాకు నీరు చాలని మెరకచేలయందును నువ్వుపైరు వేయదగియున్నది. దీనికి పెట్టుబడి స్వల్పము, కాలమును స్వల్పమే. అయినను అదను తప్పినచో పండిన గింజ గాదెకు చేరదు. కావున ఎప్పుడు విత్తవలెనో, ఆకులపై చల్లెడి ద్రవములవలన ఎంత మేలు కలుగునో సభ్యులు ముందుగా తెలిసికొనుట యుక్తము.

విత్తెడి అదను: సంక్రాంతినాటి చలిలో నువ్వు చక్కగా మొలవదు. జనవరి రెండవ పక్షమునుండి ఫిబ్రవరి నెలాఖరు వరకు కోస్తాసీమకు తగిన కాలము. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థము ముగిసి చలి తగ్గినది మొదలు, అంతర్వేది తీర్థమునకు లోపుగా విత్తుట మేలు. ఎలమంచిలి పరిశోధన స్థానమునుండి వెలువడిన గౌరి, మాధవి, శారద మొదలగు రకములు 70 మొదలు 90 దినములలో కోతకు వచ్చును.

ఒక లెక్క చూడుడు. 85 దినముల రకమును ఫిబ్రవరి 1వ తేదీన విత్తినచో ఏప్రిల్ నెలాఖరునకు కోతకు వచ్చును. మార్చి 15వ తేదీన విత్తినచో జూన్ 8వ తేదీ యగును. అప్పటికి మృగశిర కార్తె ప్రవేశించును. ఆలస్యపు పైరు పూతసమయమున తీవ్రమైన ఎండకు పూవు రాల్చును. కోతసమయమున వానకు చిక్కును. కట్టలు తడిసినచో గింజ రంగు మారి ధర పడిపోవును. నువ్వునకు నీటియెద్దడికంటె నీటినిలువయే పెద్ద శత్రువు. కావున చేలో మురుగుకాలువలు తీసియే విత్తవలెను. ఎకరమునకు రెండున్నర కిలోల విత్తనమును మూడురెట్లు ఇసుకతో కలిపి విత్తినచో మొలక సమముగా నుండును.

పంచగవ్యము: ఏడు కిలోల ఆవుపేడలో ఒక కిలో నేయి కలిపి మూడు దినములుంచవలెను. పిదప పది లీటర్ల గోమూత్రము, పది లీటర్ల నీరు చేర్చి, దినమునకు రెండుమారులు కలియబెట్టుచు పదునైదు దినములుంచవలెను. తరువాత మూడు లీటర్ల పాలు, రెండు లీటర్ల పెరుగు, మూడు లీటర్ల లేతకొబ్బరి నీరు, మూడు కిలోల బెల్లము, పండ్రెండు అరటిపండ్లు చేర్చవలెను. మొత్తము నెలదినములకు సిద్ధమగును. కొబ్బరినీరు, అరటిపండ్లు మన సీమలో కొరతలేనివే. మూడు లీటర్ల ద్రవమును గుడ్డతో వడగట్టి నూరు లీటర్ల నీటిలో కలిపి, పైరు నెలదినములదైనప్పుడొకసారి, పూత మొదలైనప్పుడొకసారి చల్లవలెను.

వేపగింజల కషాయము: అయిదు కిలోల వేపగింజల పప్పును దంచి, రాత్రియంతయు నీట నానబెట్టి, వడగట్టి, నూరు గ్రాముల సబ్బుపొడి చేర్చి నూరు లీటర్లు చేయవలెను. ఆకుముడుచు పురుగు చిన్నదిగా నున్నప్పుడే ఇది పనిచేయును. ఎండకు దీని గుణము నశించును; ఉదయము పూలపై తేనెటీగలు వ్రాలును. కావున సాయంకాలమే చల్లవలెను. పూవులు ఆకులవలె మారెడి వెఱ్ఱితెగులునకు మాత్రము ఏ కషాయమును మందు కాదు. దానిని దీపపుపురుగులు వ్యాపింపజేయును. అట్టి మొక్కలను కనిపించినవెంటనే పెరికివేయవలెను.

ఈ ద్రవములు పైరునకు తోడ్పాటే గాని ఆహారము కావు. పశువుల యెరువు వేయని చేనికి గాని, అదను తప్పిన పైరునకు గాని ఇవి గింజ నింపజాలవు. నేయి, పాలు, కూలి కలిసి ఖర్చు స్వల్పము కాదు. కావున ప్రతి సభ్యుడును చేలో కొన్ని సాళ్లను చల్లకుండ విడిచి, అంతే నిడివిగల చల్లిన సాళ్లను వాని ప్రక్కనే గుర్తించి, రెంటి గింజను వేర్వేరుగా తూచవలెను. ఎక్కువైన గింజవెల చల్లిన ఖర్చునకు మించినచో మరుసటియేడు చల్లుట లాభము. లేనిచో ఆ సొమ్ము ఎరువునకు వెచ్చించుట మేలు. క్రిందికాయలు పసుపుబారినంతనే కోసి, కట్టలు నిలువుగా నిలిపి ఆరబెట్టవలెను. కాయలు చేలోనే పగిలినచో నేలపాలైన గింజను ఏరుట అసాధ్యము.