ఆటకు ముందు ఆయాసం గమనించండి

2020 మార్చిలో మూతపడిన మన బడులు 9, 10 తరగతులకు 2021 ఫిబ్రవరి 1న గాని తెరుచుకోలేదు. ఆ చలికాలం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు బడి మైదానం లేదు. బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు ఇంటి వాకిలే కోర్టు.

5 నుండి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక అవసరం. జట్టు లేకపోయినా, ఇంటివారితో కలిసి బంతి నేలకు కొడుతూ పరుగెత్తినా చాలు.

కానీ కోవిడ్ తగ్గిన బిడ్డను వెంటనే పోటీకి దించకూడదు. అరుదుగా వైరస్ వల్ల గుండె కండరం వాస్తుంది. జ్వరం పోయినా అలాంటి గుండెకు గట్టి పరుగు ప్రమాదం. మొదట నడక, తర్వాత మెల్లని పరుగు, ఆ పైనే ఆట.

ఛాతీ నొప్పి, గుండెదడ, స్పృహ తప్పడం, మామూలుకు మించిన ఆయాసం కనిపిస్తే ఆట ఆపించి డాక్టరుకు చూపించండి. మేము కోరేది ఒక్కటే: ఆయాసపడే బిడ్డను బద్ధకమని మందలించకండి.