టెక్సస్‌లో గంజాయితో పట్టుబడితే: అరెస్టుకు బదులు సైటేషన్

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న మన పిల్లల్లో కొందరు కొద్దిపాటి గంజాయితో పట్టుబడుతుంటారు. బేడీలు పడలేదు, జైలుకు తీసుకెళ్లలేదు, ఒక కాగితం చేతిలో పెట్టి పొమ్మన్నారు కాబట్టి గండం గడిచిందనుకుంటారు. వీసా మీద ఉన్నవాళ్లకు అసలు గండం ఆ కాగితం తర్వాతే మొదలవుతుంది. వాళ్లూ, ఇక్కడ వాళ్ల అమ్మానాన్నలూ తరచూ అడిగే ప్రశ్నలివి.

ఇంతకీ ఆ కాగితం ఏమిటి?

దాన్ని సైటేషన్ అంటారు. మన పోలీసులు 2024 దాకా ఇచ్చిన 41ఏ నోటీసు తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. అరెస్టు చేయకుండా, ఫలానా తేదీన ఫలానా మేజిస్ట్రేట్ ముందు హాజరు కావాలని రాసి ఇస్తారు. పేరు, చిరునామా, మోపిన నేరం అందులో ఉంటాయి. టెక్సస్ శాసనసభ 2007లో చట్టాన్ని సవరించి ఈ వీలు కల్పించింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. 4 ఔన్సుల వరకు గంజాయి దగ్గర ఉంచుకోవడం, చిన్న దొంగతనం, గోడల మీద రాతలు, చెల్లని లైసెన్సుతో బండి నడపడం వంటి కొన్ని నేరాలకే ఇది వర్తిస్తుంది. చిన్న కేసులతో జైళ్లు కిక్కిరిసిపోవడం, ఒక్కో అరెస్టుకు పోలీసుల సమయం గంటల తరబడి పోవడం దీని వెనక ఉన్న కారణాలు. మంచి సవరణే. పిడికెడు ఆకు కోసం ఒక మనిషిని రాత్రంతా లాకప్‌లో కూర్చోబెడితే ఎవరికీ ఒరిగేది లేదు.

అంటే అక్కడ గంజాయి నేరం కాదా?

నేరమే. 2 ఔన్సుల లోపు ఉంటే చిన్న నేరం, అంటే క్లాస్ బీ మిస్‌డిమీనర్: 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. 2 నుంచి 4 ఔన్సులైతే క్లాస్ ఏ: ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. అది దాటితే ఫెలనీ, అంటే పెద్ద నేరం. 2007 సవరణ శిక్షను ఒక్క రోజు కూడా తగ్గించలేదు. మనిషిని కోర్టు దాకా ఎలా రప్పించాలన్నదే మార్చింది.

ఆస్టిన్ ఓటర్లు 2022 మేలో చిన్న గంజాయి కేసుల్లో అరెస్టులు, సైటేషన్లు కూడా వద్దని తీర్పు చెప్పారు. మరికొన్ని ఊళ్లూ అదే దారి పట్టాయి. 2024 జనవరిలో రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ ఆస్టిన్‌తో సహా ఐదు నగరాల మీద దావా వేశారు. కాబట్టి ఊరి తీర్మానాన్ని నమ్ముకుని గంజాయి జేబులో పెట్టుకు తిరగొద్దు.

సైటేషన్ ఇమ్మని అడిగే హక్కు నాకుందా?

లేదు. ఇవ్వవచ్చు అని మాత్రమే చట్టం అంటుంది. ఇవ్వాలా, అరెస్టు చేయాలా అన్నది ఆ అధికారి, ఆ పోలీసు శాఖ ఇష్టం. అందుకే చట్టం వచ్చిన పదేళ్లకు, 2017 డిసెంబరులో గానీ డాలస్ పోలీసులు దీన్ని మొదలుపెట్టలేదు. ఒకే తప్పుకు ఒక ఊళ్లో కాగితం, పక్క ఊళ్లో జైలు అన్నది న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ ఇవాళ ఉన్న పరిస్థితి అదే.

ఇంకో మెలిక కూడా ఉంది. నేరం జరిగిన కౌంటీలోనే మీ నివాసం ఉండాలి. డెంటన్‌లో ఉండి చదువుకుంటున్న విద్యార్థి శనివారం రాత్రి డాలస్‌లో పట్టుబడితే ఈ వెసులుబాటు వర్తించదు, రెండూ వేర్వేరు కౌంటీలు. ఫ్రిస్కో అయితే ఒకే ఊరు రెండు కౌంటీల్లో ఉంది. లైసెన్సు మీద పాత చిరునామా ఉంటే మీరు ఎక్కడ ఉంటున్నారో చూపించడమూ కష్టమే. ఇల్లు మారినప్పుడు లైసెన్సులోనూ మార్పించుకోండి.

గమ్మీలు, వేప్ పెన్లు కూడా గంజాయి లెక్కేనా?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. టెక్సస్ చట్టం దృష్టిలో ఆకు, పువ్వు గంజాయి. దాన్నుంచి తీసిన సారం గంజాయి కాదు, అంతకంటే పెద్ద శిక్షలున్న మరో జాబితాలో ఉంది. సారం నింపిన వేప్ పెన్ గానీ, గమ్మీ గానీ దొరికితే 1 గ్రాము లోపైనా ఫెలనీయే: 180 రోజుల నుంచి 2 ఏళ్ల వరకు జైలు. సైటేషన్ మాటే ఉండదు. తూకంలోనూ కిటుకుంది. గమ్మీలో మత్తు పదార్థం రవ్వంతే ఉన్నా, చక్కెరతో సహా మొత్తం బరువు లెక్కలోకి వస్తుంది. కొలరాడోలో దుకాణంలో బిల్లు తీసుకుని కొన్న డబ్బా టెక్సస్ సరిహద్దు దాటగానే ఫెలనీ సరుకవుతుంది.

పోలీసుతో ఎంతవరకు మాట్లాడాలి?

పేరు, చిరునామా, పుట్టిన తేదీ నిజమే చెప్పండి, గుర్తింపు కార్డు చూపండి. అబద్ధపు పేరు చెబితే అది వేరే నేరం. కారు వెతకొచ్చా అని అడిగితే, నేను ఒప్పుకోవడం లేదని మర్యాదగా అనొచ్చు. అయినా వెతికితే అడ్డుపడకండి, కోర్టులో లాయరు చూసుకుంటారు. ఎవరిది, ఎక్కడ కొన్నావు, ఎన్నాళ్లుగా అలవాటు అని అడిగితే లాయరుతో మాట్లాడాకే చెబుతాననండి. మనకు పోలీసు కనబడగానే సార్, సార్ అంటూ అంతా ఒప్పేసుకుని బతిమాలడం అలవాటు. అక్కడ ఆ బతిమాలడమే సాక్ష్యమవుతుంది. సైటేషన్ మీద సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, హాజరవుతానన్న మాట ఇచ్చినట్టు.

ఆ తేదీకి వెళ్లకపోతే?

వారంటు వస్తుంది. అప్పుడు తప్పించుకున్న అరెస్టే, వేలిముద్రలతో సహా, ఏ ట్రాఫిక్ తనిఖీలోనో ఎదురవుతుంది.

ట్రాఫిక్ టికెట్టులా డబ్బు కట్టేసి వదిలించుకోవచ్చా?

కుదరదు. వీసా మీద ఉన్నవాళ్లు ఈ జవాబును రెండుసార్లు చదవాలి. నేరం ఒప్పుకుంటే కొన్నాళ్ల ప్రొబేషన్ తర్వాత కేసు కొట్టేస్తామని, శిక్ష పడనట్టేనని కోర్టులో చెప్పవచ్చు. దాన్ని డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటారు. టెక్సస్ లెక్కలో అది శిక్ష కాదు. ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో శిక్షే. నేరం ఒప్పుకోవడం, జడ్జి ఏదో ఒక ఆంక్ష పెట్టడం, ఈ రెండూ ఉంటే చాలు.

నేరం ఒప్పుకోకుండా తరగతికి హాజరై బయటపడే పద్ధతి వేరు. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 2017 మార్చిలో అలాంటిది మొదలైంది: నాలుగు గంటల తరగతి, 150 డాలర్ల రుసుము, తర్వాత కేసు ఉండదు. ఇలాంటి అవకాశం వస్తే అది మేలు. అయితే చేరేముందు తప్పు ఒప్పుకుంటున్నానని రాసిన కాగితం మీద సంతకం అడుగుతున్నారేమో చూడండి. అది కూడా ప్రమాదమే.

కొద్దిగానే కదా, దేశం నుంచి పంపేస్తారా?

సొంత వాడకానికి, ఒకే ఒక్కసారి, 30 గ్రాముల లోపు అయితే ఆ కారణంతో పంపించకూడదని ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. 1 ఔన్సు 28 గ్రాముల పైచిలుకు. టెక్సస్ చిన్న నేరమనే 2 ఔన్సులు దాదాపు 57 గ్రాములు, అంటే మినహాయింపు దాటిపోయినట్టే. పైగా ఆ మినహాయింపు దేశంలో ఉన్నంతసేపే. పండక్కి ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడు అది పనిచేయదు. శిక్ష పడకపోయినా, అధికారి ముందు నేరం ఒప్పుకుంటే ప్రవేశం నిరాకరించే వీలుంది. గంజాయిని రాష్ట్ర చట్టం ఒప్పుకునే కాలిఫోర్నియాలో తాగినా ఇదే వరస, ఫెడరల్ చట్టంలో గంజాయి ఇంకా నిషిద్ధమే.

2025 ఏప్రిల్‌లో సెవిస్ అనే ప్రభుత్వ నమోదు వ్యవస్థలో విదేశీ విద్యార్థుల రికార్డులు పెద్దఎత్తున రద్దయినప్పుడు కొట్టేసిన కేసులున్న పిల్లలు కూడా అందులో ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరుకు ప్రభుత్వం వాటిని పునరుద్ధరించడం మొదలుపెట్టింది.

అరెస్టు కాలేదు కాబట్టి ఫారాల్లో రాయక్కర్లేదా?

ప్రశ్న చదవండి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫారాలు అరెస్టు గురించే కాదు, సైటేషన్ ఇచ్చారా అని కూడా అడుగుతాయి. దాచడం గంజాయి కంటే పెద్ద తప్పవుతుంది. కోర్టు ఇచ్చిన ప్రతి కాగితం నకలు దాచుకోండి.

లాయరును ఏమడగాలి?

క్రిమినల్ లాయరు ఒక్కరే చాలరు, ఇమిగ్రేషన్ లాయరు కూడా కావాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉందా లేదా అన్నది క్లయింటుకు చెప్పాల్సిన బాధ్యత డిఫెన్స్ లాయరుదేనని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో తేల్చింది. ఆ కేసూ గంజాయిదే. డబ్బు లేకపోతే కోర్టే లాయరును ఇస్తుంది, జైలు శిక్షకు వీలున్న కేసు కాబట్టి అడిగే హక్కు ఉంది. మొదటి రోజే మీ వీసా ఏమిటో చెప్పి ఈ మూడూ అడగండి: కేసులో బరువు ఎంతని రాశారు, ఈ ఒప్పందం ఇమిగ్రేషన్ లెక్కలో శిక్ష అవుతుందా, కేసు ముగిశాక రికార్డు తుడిపించుకునే వీలుందా. జవాబులు రాతలో తీసుకోండి. అవి చేతికి వచ్చేదాకా ఇండియాకు టికెట్ బుక్ చేయొద్దు.